బాబాయి చూడని ట్రేలు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. రోగులకీ, ఆయాలకీ, చివరికి పెద్ద డాక్టరుకి కూడా ఆమె మళ్ళీచెప్పమ్మే. మందుల గది కిటికీలోంచి పొట్లం చేతిలో పెట్టి ఊరుకునే రకం కాదు ఆమె. "ఏదీ, ఏ బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారో మళ్ళీ చెప్పండి" అంటుంది. చెప్పలేకపోతే మొదటినుంచీ తనే చెబుతుంది, మళ్ళీ అడుగుతుంది. క్యూలో వెనకున్నవాళ్ళు కాళ్ళు మార్చుకుంటూ గొణిగినా ఆమె చెవికెక్కదు. ఒకసారి ఒక పోలీసాయన "నాకే పాఠం అప్పజెప్పమంటావా?" అని కళ్ళెర్రజేశాడు. "మీ లాఠీ దెబ్బ తప్పితే వీపు మీద పడుతుంది. నా బిళ్ళ తప్పితే గుండె మీద పడుతుంది. అప్పజెప్పండి" అంది. పోలీసాయన అప్పజెప్పాడు. రెండో బిళ్ళ దగ్గర తప్పాడు కూడా.

అలాగని ఆమెని దేవతని చేసి కూర్చోబెట్టకండి. మొండిది. డాక్టర్ల రాత అర్థం కాకపోతే ఊహించి ఇచ్చేది కాదు సరికదా, ఆ చీటీ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి పదిమంది ముందు "ఇది అక్షరమా, చీమ నడిచిందా?" అని అడిగేది. డాక్టర్లకి ఆమె అంటే ఒళ్ళుమంట. కానీ ఇద్దరు డాక్టర్లు ఒకే నొప్పి బిళ్ళని రెండు పేర్లతో ఒకే మనిషికి రాసిన సంగతి పట్టుకున్నదీ ఆమే, కడుపుతో ఉన్న పిల్లకి వేయకూడని మందు పడబోతుంటే ఆపిందీ ఆమే. అందుకని మొహం మాడ్చుకుని ఊరుకునేవాళ్ళు.

ఈ పని ఆమెకి నేర్పింది బాబాయి. సొంత బాబాయి కాదు, ఆ గదిలో అందరికీ బాబాయే. పెద్ద ఫార్మసిస్టు. ఆమె కొత్తగా చేరినప్పుడు అల్మారాలో ఏ మందు ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాకా కిటికీ దగ్గరికి రానివ్వలేదు. చెమటకి ఒక బిళ్ళల షీటు మీద పేరు చెరిగిపోతే దాన్ని పక్కన పడేయించాడు. నెమ్మదైన మనిషి. తిట్టడం చేతకాదు. తప్పు చేస్తే అలా చూస్తూ ఊరుకునేవాడు, ఆ చూపు కన్నా నాలుగు తిట్లు తినడం నయమని అందరూ అనేవాళ్ళు.

ఆ గదిలో పని జరిగే తీరు కూడా బాబాయి పెట్టిందే. చీటీ చూసి మందులు తీసి ట్రేలో పెట్టేది ఒకరు. ఆ ట్రేని చూసేది వేరొకరు. పెట్టినవాళ్ళు నోరు మెదపకూడదు. "ఇది బీపీ బిళ్ళ" అని మనం ముందే అంటే చూసేవాడి కంటికి అది బీపీ బిళ్ళలాగే కనిపిస్తుందట. అందుకని చూసేవాడు చీటీ కొత్తగా చదువుకోవాలి. ఒక్కో షీటూ వెనక్కి తిప్పి పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటిదాకా పనికొస్తుంది అన్నీ చదవాలి. అంతా సరిపోతే ట్రే అంచు మీద గోరుతో టకటకమని కొట్టాలి. ఆ చప్పుడు వినపడితేనే మందు కిటికీ దాటాలి. చూసే మనిషి ఎప్పుడూ బాబాయే.

అలవాటు ఎంత పాడుదంటే, ఇంట్లో అన్నం పెట్టిన పళ్ళేన్ని భర్త చేతికిచ్చేముందు కూడా ఆమె ఒక క్షణం ఆగేది. ఆయన బస్సు డ్రైవరు. సరదా మనిషి. "ఇక్కడ బాబాయి లేడులే, ఇచ్చెయ్. ఉప్పు ఎక్కువైతే నేనే చచ్చిపోతాలే" అనేవాడు. ఆయనే ఇంకో మాట కూడా అనేవాడు. "నా బస్సుకి బ్రేకులెలాగో మీ గదికి ఆ ముసలాయన గోరు అలాగ. బ్రేకుందని తెలిస్తేనే మనిషి ధైర్యంగా నడుపుతాడు."

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం డిపోలో టీ గ్లాసు చేతిలో ఉండగానే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆ తర్వాత ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చెరో గదిలో ఉండేవాళ్ళు. ఆమె పొయ్యి వెలిగించి ఎందుకు వెలిగించిందో మర్చిపోయేది. కుళాయి తిప్పి వెళ్ళిపోయేది. ఒకరోజు బాబాయి వచ్చాడు.

"ఇంట్లో ఇలా కూర్చుంటే పిచ్చెక్కుతుందమ్మా. పనిలోకి రా" అన్నాడు.

"నా చేతులు నా మాట వినడం లేదు బాబాయ్. తప్పు పెడతాను. ఖాయంగా పెడతాను" అంది ఆమె.

"నేను లేనూ? నువ్వు గులకరాయి తెచ్చి ట్రేలో పెట్టినా నా కన్ను దాటి పోదు."

"మామూలుగా చూసినట్టు కాదు. ఎప్పటికన్నా ఎక్కువగా చూడండి. ఈ నెల నన్ను నమ్మకండి. అలా అయితేనే వస్తాను."

"చూస్తాను. ఒట్టు" అన్నాడు బాబాయి.

ఆమె వెళ్ళింది. ఆ నెల ఎలా గడిచిందో అడిగితే ఆమె చెప్పలేకపోయేది. చీటీ మీద అక్షరాలు నీళ్ళలో ఉన్నట్టు కదిలేవి. చెయ్యి అలవాటు కొద్దీ అల్మారాలోకి వెళ్ళేది, ఏదో తీసేది, ట్రేలో పెట్టేది. గొంతు పెగలక మళ్ళీ చెప్పమని ఎవరినీ అడగడం కూడా మానేసింది. ఒక్కటే ఆధారం. పక్కన బాబాయి ట్రే అందుకునేవాడు. ఆమె ఊపిరి బిగబట్టి నిలబడేది. టకటకమని వినపడేది. అప్పుడు ఊపిరి వదిలేది. ఆ నెల ఆమెని కూలిపోకుండా నిలబెట్టింది ఆ చప్పుడే.

కాలం గడిచింది. చేతులు మళ్ళీ ఆమె మాట వినసాగాయి. కిటికీ దగ్గర "మళ్ళీ చెప్పండి" మళ్ళీ మొదలైంది. బాబాయికి రిటైర్మెంటు వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం మీటింగు హాల్లో అందరూ చేరారు. పెద్ద డాక్టరు మాట్లాడాడు, నర్సమ్మలు మాట్లాడారు. ఇకమీదట టైము చూసుకునే అవసరమే లేని మనిషికి గోడ గడియారం బహుమానంగా ఇచ్చారు. చివర్లో బాబాయి లేచాడు. ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడని వాడికి ఆ రోజు కళ్ళు చెమర్చి ఉన్నాయి, నోరు ఆగలేదు.

"ఇవాళ మీకో రహస్యం చెబుతాను" అన్నాడు ఆమె వైపు చూపిస్తూ. "మీ అందరి ట్రేలూ నేను భూతద్దం పెట్టి చూసేవాణ్ణి. కొత్తవాళ్ళవైతే రెండుసార్లు చూసేవాణ్ణి. కానీ ఈ అమ్మాయిది మాత్రం, పని నేర్చుకున్నాక ఒక్క ట్రే కూడా చూడలేదు. గోరుతో కొట్టేసి పంపించేవాణ్ణి. చూడాల్సిన పనేముంది? అంతటి చెయ్యి అది!"

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో మందులతో బతికేవాళ్ళే సగం మంది. ఒక్కరికైనా ఆ మాటకి అర్థం ఏమిటో తట్టలేదంటే ఏమనాలి? పక్కన కూర్చున్న నర్సమ్మ ఆమె భుజం పొడిచి, "నవ్వమ్మా! ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు?" అంది. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఉంది, లోపల మాత్రం ఆ మాటే తిరుగుతోంది. ఒక్క ట్రే కూడా అన్నాడు. ఒక్కటి కూడా.

ఇంటికొచ్చాక అత్తగారు కాఫీ ఇచ్చి అడిగింది. "అదేంటి మొహం అలా పెట్టావు? ఆయన రిటైరైతే నీకెందుకు ఏడుపు?"

ఆమె జరిగింది చెప్పింది. అత్తగారు అంతా విని, "నిన్ను అంత నమ్మాడంటే మంచిదేగా, పిచ్చిదానా" అంది.

"అత్తయ్యా, మీకు కళ్ళు సరిగా ఆనవు కదా. మిమ్మల్ని రోజూ రోడ్డు దాటిస్తున్నాననుకోండి. మీ చెయ్యి పట్టుకున్నాననే అనుకుంటున్నారు మీరు. నేను పట్టుకోనేలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పాను. ఎలా ఉంటుంది మీకు?"

అత్తగారు ఆమె వైపు తిరిగింది. "ముందు నేను పడ్డానో లేదో చెప్పు. పడకపోతే తిట్టి ఊరుకుంటా. పడి ఉంటే మాత్రం నిన్ను వదలను."

ఆమెకి గుచ్చుకున్నది ఆ ప్రశ్నే. ఎవరు పడ్డారు? మామూలు రోజుల సంగతి వదిలెయ్యి, తన మీద తనకి నమ్మకం ఉంది. ఆ నెల? చేతులు తనవి కాని ఆ నెల? కిటికీ ముందు నిలబడిన మొహాలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుంది. గర్భిణి పిల్ల, బాగానే ఉంది, బిడ్డని ఎత్తుకుని వచ్చింది. ఉబ్బసం మేష్టారు, నిన్ననే వచ్చి వెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరిని తలుచుకుంటూ వచ్చి, టైలరు తాత దగ్గర ఆగిపోయింది.

టైలరు తాత ఆ నెలలోనే పడిపోయాడు. బాగా చెమటలు పట్టి, చేతులు వణికి, కొట్టు మెట్టు మీంచి కిందపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్నారు. ముసలాయన వేళకి తినడం లేదన్నారు. విరిగిన ఎముక కళ్ళముందు ఉంది కాబట్టి అందరి చూపూ దాని మీదే, ఇంకేమీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆయన ప్రతి నెలా కర్ర పట్టుకుని కిటికీ దగ్గరికి వస్తుంటే ఆమే కోప్పడేది. "వేళకి తినండి తాతా, చూశారా ఎంత పని అయిందో!" అని. ఆయన చిన్నపిల్లాడిలా తలూపేవాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆయన కొట్టుకి వెళ్ళింది.

కొట్టంటే ఇంటి ముందు గదే. తొక్కుడు మిషను ముందు ఆయన కూతురు కూర్చుని ఏదో జాకెట్టు కుడుతోంది. తాత బల్ల దగ్గర నిలబడి, ఒంటికాలి మీద బరువు మోపి, గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. తుంటి విరిగాక మిషను తొక్కడానికి ఆ కాలు పనికిరాలేదు. కుట్టు కూతురికి వదిలేసి తను కత్తిరించి ఇస్తున్నాడు. బతికినన్నాళ్ళూ మిషను మీద బతికిన మనిషి, ఇప్పుడు దాని పక్కన నిలబడి ఉంటున్నాడు.

"రండమ్మా రండి! తిన్నానండోయ్, ఇప్పుడే తిన్నా. కావాలంటే మా అమ్మాయినడగండి" అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేకపోయింది. "తాతా, మీరు పడిపోయిన నెలలో మీరు వేసుకున్న బీపీ బిళ్ళ ఎలా ఉండేదో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఎప్పుడూ తెల్లది కదా ఇచ్చేది. ఆ నెల మాత్రం ఆకుపచ్చది ఇచ్చారు. ముదురు పచ్చ కాదు. లేత పెసరపచ్చ. కోటు లోపలి గుడ్డకి వాడతామే, ఆ రంగు." రంగు విషయంలో టైలరు పొరపడడు. "కంపెనీ మార్చారేమో అనుకున్నా. మళ్ళీ ఆసుపత్రి నుంచి వచ్చాక తెల్లదే ఇచ్చారు."

ఆమెకి వెంటనే కళ్ళముందు అల్మారా కనిపించింది. ఆ తెల్ల బిళ్ళల డబ్బా పక్కనే, పేరులో మొదటి అక్షరాలు కలిసే ఇంకో డబ్బా. లేత ఆకుపచ్చ బిళ్ళలు. షుగరు జబ్బు ఉన్నవాళ్ళకి చక్కెర తగ్గించే బిళ్ళలు. షుగరే లేని ఈ మనిషి పడిపోయేదాకా రోజుకొకటి మింగాడు.

"అడగలేదేం తాతా?" అంది.

"అడుగుదామనే వెనక్కి రెండడుగులు వేశా. మీరు ఆ నెల మళ్ళీ చెప్పమని అడగనే లేదు. మీ ఇంట్లో సంగతి తెలుసు కదా, మిమ్మల్ని కదిలించబుద్ధి కాలేదు. పైగా పక్కన పెద్దాయన గోరుతో కొట్టి మరీ ఇచ్చాడు. నేను వింటూనే ఉన్నా. ఇద్దరు చూసి ఇచ్చాక మధ్యలో నేనెవర్ని అడగడానికి?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ బిళ్ళలు ఎప్పుడో కరిగిపోయాయి. కానీ చెప్పింది. బిళ్ళ మారిందని చెప్పింది, మార్చింది తన చెయ్యేనని చెప్పింది. చూడాల్సినవాడు చూడలేదని చెప్పింది. ఆయన తిండి తినక పడలేదని, తనిచ్చిన మందు వల్ల పడ్డాడని చెప్పింది.

మిషను ఆగింది. కూతురు లేచి నిలబడి, "మా నాన్నని ఎన్ని మాటలన్నానో తెలుసా మీకు?" అంది. "అన్నం తినకుండా నా ప్రాణం తీస్తున్నావని అందరి ముందూ అన్నాను. ఆయన తిన్నానే తల్లీ అంటే అబద్ధమన్నాను. మీరూ అన్నారు. మీరు అంటుంటే నేను పక్కనే ఉన్నాను."

తాత సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. చాలాసేపు తన కాలు వంక చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "వెళ్ళిపోండమ్మా" అన్నాడు. "కోపంగా ఉంది నాకు. ఇక్కడే ఉంటే ఏదో ఒకటి అనేస్తాను. రేపు మళ్ళీ మీరిచ్చే మందే మింగాలి."

ఆమె వెళ్ళిపోయింది. ఆసుపత్రికి కాదు, తిన్నగా బాబాయి ఇంటికి.

బాబాయి కొత్త గడియారాన్ని ఏ గోడకి తగిలించాలా అని చూస్తున్నాడు. ఆమెని చూసి మొహం విప్పారింది. "ఏమోయ్, అమ్మాయి వచ్చింది, టీ పెట్టు" అని లోపలికి కేకేశాడు.

"టీ వద్దు. ఒకటి అడగాలి. ఆ నెల కూడా చూడలేదా?"

ఏ నెల అని ఆయన అడగలేదు. గడియారం కుర్చీలో పెట్టి, తను మంచం మీద కూర్చున్నాడు. "లేదు" అన్నాడు.

"అడిగాను కదా బాబాయ్. నన్ను నమ్మొద్దన్నాను. ఒట్టు కూడా వేశారు."

"వేశాను. మొదటిరోజు ట్రే చేతిలోకి తీసుకున్నా. నువ్వు నా చేతుల వంకే చూస్తున్నావు, ఊపిరి కూడా తీయకుండా. ఇప్పుడు నేను షీటు తిప్పి చదివితే, ఈ పిల్లని అనుమానిస్తున్నట్టే కదా అనిపించింది. మొగుడు పోయి ఏడుస్తున్నదానివి, పని కూడా చేతకావడం లేదని కుమిలిపోతావేమోనని... చెయ్యి రాలేదమ్మా. నీ మీద గౌరవంతోనే."

"మరి గోరుతో ఎందుకు కొట్టారు?"

"కొట్టకపోతే నీకు తెలిసిపోదూ?" అన్నాడు బాబాయి. ఎంత మామూలుగా అన్నాడంటే, చిన్నపిల్లకి చేదుమందు తేనెలో కలిపి పట్టిన విషయం చెబుతున్నట్టు అన్నాడు.

ఆమెకి అప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ గదిలో అందరికన్నా అజాగ్రత్త మనిషి ఒకడున్నాడు, ఫోను చూసుకుంటూ మందులు తీసేవాడు. వాడి ట్రేలన్నీ బాబాయి చూశాడు. వాడి రోగులు క్షేమంగా ఇళ్ళకి వెళ్ళారు. తన ముందు నిలబడిన వాళ్ళకే, తనని నమ్మి వచ్చిన వాళ్ళకే, ఆ రెండో కన్ను లేకుండా పోయింది. వాళ్ళకి లేదని వాళ్ళకి తెలియదు, తనకీ తెలియదు. తెలిసిన ఒకే ఒక్క మనిషి రోజూ పక్కన నిలబడి గోరుతో కొడుతూ ఉన్నాడు.

టైలరు తాత సంగతి చెప్పింది. పచ్చబిళ్ళ సంగతి, కాలి సంగతి, మిషను సంగతి. బాబాయి మొహంలో రక్తం ఇంకిపోయింది. పాపం, ఆయన చెడ్డమనిషి కాదు. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట తాత ఎలా ఉన్నాడని కాదు.

"ఎవరికైనా చెప్పావా?"

"తాతకే చెప్పాను. రేపు సూపరింటెండెంటుకి చెబుతాను."

"ఎందుకు? చెబితే ఆయన కాలు బాగవుతుందా? నిన్ననే అంతమందిలో నీ గురించి అంత గొప్పగా చెప్పానే, రేపు వాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఆయన గొంతు పెరిగింది. ఆ గొంతు పెరగడం ఆమె ఎన్నడూ వినలేదు. "అయినా తప్పు బిళ్ళ పెట్టింది నువ్వు. నేను నమ్మానంతే. నమ్మడం కూడా నేరమేనా?"

లోపలి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడిన పిన్ని అక్కడే ఆగిపోయింది.

"పెట్టింది నేనే. అది నేనే చెబుతాను, మీరు చెప్పనక్కర్లేదు" అంది ఆమె. "తప్పు పెడతానని ముందే తెలుసు నాకు. అందుకే చెప్పాను. ఆ మాట మా అత్తయ్యతో కూడా అనలేదు బాబాయ్. మీ ఒక్కరితోనే అన్నాను."

బాబాయి గడియారం వైపు తల తిప్పుకున్నాడు. ఆమె వచ్చేసింది. దారి పొడుగునా ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా రోడ్డు మీద ఏడవని మనిషి, ఆ రోజు ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా ఏడ్చింది. పోయినవాడు చెప్పి పోలేదు, అది అతని తప్పు కాదు. ఈయన పక్కనే ఉండి లేకుండా పోయాడు.

మర్నాడు చెప్పవలసింది చెప్పింది. విచారణ జరిగింది. ఆమెని కొన్నాళ్ళు కిటికీ నుంచి తీసేసి వెనక గోదాంలో డబ్బాలు సర్దే పనికి వేశారు. ఆమె నోరెత్తలేదు. బాబాయి అప్పటికే రిటైరైపోయాడు కాబట్టి ఆయనకి ఒక మందలింపు ఉత్తరంతో సరిపోయింది. టైలరు తాత కాలికి ఇంకో ఆపరేషను ఆసుపత్రే చేయిస్తానంది. ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఇంకోసారి కత్తి పడినా ఆ కాలు మిషనెక్కేలా లేదని డాక్టర్లు ముందే చెప్పారు. మందుల కోసం ఇప్పుడు కూతురే వస్తోంది. కావలసిన మాట తప్ప ఎక్కువ మాట్లాడదు.

మందుల గదిలో ఒక పద్ధతి మారింది, ఆమె పట్టుబట్టి మార్పించింది. ట్రే ఎవరు పెట్టారో చూసేవాళ్ళకి తెలియకూడదు. మధ్యలో చెక్క అడ్డు పెట్టించారు. పెట్టిన ట్రే ఆ అడ్డు కిందనుంచి జారుతుంది, అటువైపు మనిషికి ట్రే తప్ప చేతులు కనిపించవు. పద్ధతి మంచిదేనని అందరూ ఒప్పుకున్నారు. ఆమెతో మాట్లాడడం మాత్రం చాలామంది తగ్గించేశారు. "కన్నకూతురిలా నమ్మిన మనిషి పరువు తీసి బజార్లో పెట్టింది" అని టీ దగ్గర అనుకునేవాళ్ళు. ఆమె వస్తే గ్లాసులు ఎత్తుకుని లేచిపోయేవాళ్ళు. ఎవరు ఎవరిని మోసం చేశారో, ఆ లోకానికి అలా అర్థమైంది. చూడని మనిషి మంచివాడు, చూడలేదని చెప్పిన మనిషి చెడ్డది. అత్తగారు మాత్రం, "వాళ్ళ మందులు కూడా నువ్వే ఇస్తావు కదా, లెంపకాయల్లాంటి చేదువి ఇవ్వు" అని ఓదార్చింది.

ఆమె మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చిన కొన్నాళ్ళకి, ఒక ఉదయం క్యూలో బాబాయి నిలబడి ఉన్నాడు.

మనిషి చిక్కిపోయాడు. చేతిలో చీటీ ఉంది. బీపీ వచ్చిందట, గుండెకి కూడా ఏదో రాశారు. లోపలివాళ్ళు చూసి "అయ్యో బాబాయ్, క్యూలో ఏంటి, లోపలికి రండి" అని పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపాడు. వంతు వచ్చేదాకా నిలబడ్డాడు. వంతు వచ్చాక చీటీ కిటికీలోంచి అందించాడు, ఆమె మొహం చూడకుండా.

ఆమె చీటీ చదివింది. అల్మారా దగ్గరికి వెళ్ళి మందులు తీసింది. చెక్క అడ్డు కిందకి ట్రే జార్చింది. అటువైపు మనిషి చూసి తిరిగి పంపాడు. కవర్లో వేసి, దేన్ని పొద్దున వేసుకోవాలో, దేన్ని రాత్రి వేసుకోవాలో చెప్పి, అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది. ఆయన గడగడా చెప్పేశాడు. ఆయనకి తెలియనిదేముంది.

కవరు అందుకుని ఆయన వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. కిటికీ పక్కకి, వెలుతురున్న చోటికి జరిగి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కవరు విప్పి షీట్లన్నీ అరుగు మీద పరిచాడు. చీటీ పక్కన పెట్టుకున్నాడు. మొదటి షీటు వెనక్కి తిప్పి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని పేరు చదివాడు. మిల్లీగ్రాములు చూశాడు. ఎప్పటిదాకా పనికొస్తుందో చూశాడు. చీటీతో సరిపోల్చాడు. రెండో షీటు తీసుకున్నాడు. మూడోది రెండుసార్లు తిప్పి చూశాడు. వెనకవాళ్ళు తోసుకుంటున్నా, ఎవరో విసుక్కుంటున్నా, తొందరపడలేదు. ఎంత చక్కగా చూశాడని! ఈ పని ఎలా చేయాలో పిల్లలకి నేర్పాలంటే ఆయన్నే చూపించాలి.

ఆమె చేతిలో తర్వాతి మనిషి చీటీ అలాగే ఉండిపోయింది. నమ్మకం ఏమైంది బాబాయ్, గౌరవం ఏమైంది, అంతటి చెయ్యి కదా ఇది, అని అడగాలని గొంతుదాకా వచ్చింది. అడగలేదు. అడగడానికేముంది? ఈసారి బిళ్ళ మింగేది ఆయనే మరి.